తిక్కనా, ఎర్రనా?

మహాభారతాన్ని తెలుగు చేసిన కవుల్లో ఎవరిష్టమని మా నెల్లూరులో ఎవర్నడిగినా తిక్కన పేరే చెప్తారు, అద్దంకి వైపు వెళ్తే ఎర్రన. నాకు ఇద్దరూ ప్రాణమే, కానీ ఒక్కరినే ఎంచుకోమంటే తిక్కనే. విరాటపర్వం నుంచి 15 పర్వాలు రాశాడని కాదు, ఆయన మనుషులు మాట్లాడే తీరు కోసం. కీచకుడి చేతిలో అవమానపడ్డ ద్రౌపది రాత్రిపూట వంటశాలకెళ్లి, నిద్రపోతున్న భీముణ్ణి లేపి గోడు వెళ్లబోసుకునే చోట, ఎన్నిసార్లు చదివినా నాకు గొంతు పూడుకుపోతుంది.

ఎర్రన దారి వేరు. అరణ్యపర్వంలో నన్నయ శరత్కాలపు రాత్రుల దగ్గర ఆగిపోతే, ఈయన అదే శరత్తు ఉదయాలతో అందుకున్నాడు, పైగా నన్నయే రాసినట్టు, నన్నయ చేత భారతం రాయించిన రాజు రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు. ఎంత పెద్ద మనసండీ! కొత్తగా చదివేవాళ్లకు మాత్రం విరాటపర్వమే ఇస్తాను, కథ లాక్కుపోతుంది.