అంతర్జాతీయ ఎల్‌ఎల్‌బీలో చేరబోయేవారికి హెచ్చరిక: బోధన కేంద్రం ఇచ్చే రశీదు విశ్వవిద్యాలయంలో ప్రవేశం కాదు

విదేశీ విశ్వవిద్యాలయం ఇచ్చే ఎల్‌ఎల్‌బీ పట్టాను సొంత ఊరు కదలకుండానే చదువుకోవచ్చునని ప్రచారం చేసిన ఒక ప్రైవేటు బోధన కేంద్రంలో చేరి, నేను ఒక విద్యా సంవత్సరాన్నీ చెల్లించిన సొమ్ములో అధిక భాగాన్నీ పోగొట్టుకున్నాను. ఆ కేంద్రం పేరు ఇక్కడ రాయడం లేదు. ఇదే తీరుగా నడిచే కేంద్రాలు మరికొన్ని ఉండవచ్చు గనుక, పేరు కన్నా వారి పద్ధతి తెలియడమే మీకు ఎక్కువ ఉపయోగం.

ఈ తరహా చదువే మోసమని నేను అనడం లేదు. తరగతులకు హాజరు కానివారు కూడా తన పరీక్షలు రాసి పట్టా పొందే వీలును లండన్ విశ్వవిద్యాలయం 1858లోనే కల్పించింది. ఆ మార్గంలో చదివి న్యాయవృత్తిలో రాణించినవారు ఎందరో ఉన్నారు. నా ఫిర్యాదు ఏ విశ్వవిద్యాలయం మీదా కాదు. విశ్వవిద్యాలయానికీ విద్యార్థికీ నడుమ నిలబడి, అంతా తానే అన్నట్టు వ్యవహరించిన కేంద్రం మీద.

ఇక్కడ రెండు వేర్వేరు ఒప్పందాలు ఉంటాయి. పాఠ్యప్రణాళిక, పరీక్ష, పట్టా విశ్వవిద్యాలయానివి. వాటికి రిజిస్ట్రేషన్ రుసుము, ఒక్కో మాడ్యూలుకు (పాఠ్యవిషయానికి) రుసుము విశ్వవిద్యాలయానికే కట్టాలి. పరీక్ష రాసే కేంద్రం తీసుకునే రుసుము వీటికి అదనం. బోధన కేంద్రానికి కట్టేది కేవలం పాఠాలు చెప్పినందుకు. ఈ సంగతి నాకు ముందు తెలియదు. చేరిన రోజున కౌన్సెలర్ "అన్నీ మేమే చూసుకుంటాం" అని అంటే, ఆ "అన్నీ" అన్న మాటలో రిజిస్ట్రేషన్ కూడా ఉందని నేను అనుకున్నాను.

సొమ్ము కట్టినప్పుడు కేంద్రం ఇచ్చిన రశీదును నేను శ్రద్ధగా చదివింది నాలుగో నెలలో. ముందువైపు "శిక్షణ రుసుము", "పాఠ్యసామగ్రి" అన్న రెండు పద్దులు తప్ప మరేమీ లేవు. విశ్వవిద్యాలయం గుర్తు పైన పెద్దగా అచ్చు వేసి ఉంది గాని, రిజిస్ట్రేషన్ అన్న మాట ఎక్కడా లేదు. వెనుకవైపు, కళ్లద్దాలు పెట్టుకుంటే గాని కనబడని అక్షరాల్లో, శిక్షణ రుసుము తిరిగి చెల్లించబడదన్న షరతు ఉంది. నాకు ఇచ్చిన గుర్తింపు కార్డులోని సంఖ్యతో విశ్వవిద్యాలయ విద్యార్థి పోర్టల్‌లోకి వెళ్లడానికి ప్రయత్నించగా, అటువంటి విద్యార్థి లేడన్న సమాధానం వచ్చింది. అది ఆ కేంద్రం సొంతంగా వేసుకున్న వరుస సంఖ్య మాత్రమే. నేను అడిగేసరికి ఆ ఏడాది రిజిస్ట్రేషన్ గడువు దాటిపోయింది. పరీక్షలు ఏడాదికి ఒకసారే కావడంతో సంవత్సరం మొత్తం పోయింది.

"గుర్తింపు పొందిన కేంద్రం" అన్న మాటను కూడా నేను సరిగా పరిశీలించలేదు. విశ్వవిద్యాలయం ప్రకటించిన జాబితాలో ఆ కేంద్రం పేరు నిజంగానే ఉంది. అయితే గుర్తింపు కోర్సు వారీగా ఇస్తారు. ఆ పేరుకు ఎదురుగా ఉన్నది వాణిజ్య కోర్సే గాని న్యాయశాస్త్రం కాదు. దాని ఫలితం బోధనలోనూ కనిపించింది. ఇంగ్లండులో బారిస్టరు (ముఖ్యంగా కోర్టులో వాదించే న్యాయవాది) కాదలచినవారికి తప్పనిసరి అయిన ఏడు పునాది విషయాల్లో ఈక్విటీ అండ్ ట్రస్ట్స్ (సమన్యాయ సూత్రాలు, ట్రస్టుల చట్టం) ఒకటి. దానికి అధ్యాపకులు దొరకలేదని చెప్పి, "మీరే చదువుకోండి" అని ఒక పాత గైడు చేతికిచ్చారు.

కరపత్రంలో నెల్సన్ మండేలా ఫొటో వేసి, ఆయన ఈ పట్టాయే పొందారని రాశారు. ఆయన జైలులో ఉండగా లండన్ ఎల్‌ఎల్‌బీకి చదివిన మాట నిజమే గాని, చివరకు 1989లో ఎల్‌ఎల్‌బీ పట్టా పొందింది దక్షిణాఫ్రికా విశ్వవిద్యాలయం నుంచి. ఇది చిన్న విషయమే అయినా, వారి తక్కిన మాటలను ఏ త్రాసులో తూచాలో అప్పుడే నాకు తట్టి ఉండవలసింది.

అన్నింటికన్నా ప్రమాదకరమైనది, పట్టా చేతికి రాగానే ఇంగ్లండులో నేరుగా సొలిసిటరు (ముఖ్యంగా కక్షిదారులకు సలహా ఇచ్చి, వారి న్యాయ వ్యవహారాలు నడిపే న్యాయవాది) కావచ్చునన్న హామీ. పట్టా వేరు, సన్నదు (న్యాయవాద వృత్తి చేసేందుకు అనుమతి) వేరు. అక్కడ 2021 సెప్టెంబరు నుంచి అమలులోకి వచ్చిన సొలిసిటర్ల అర్హత పరీక్షలో రెండు దశలున్నాయి. మొదటి దశలోనే ఒక్కొక్కటి 180 ప్రశ్నల చొప్పున రెండు పేపర్లుంటాయి. దానికి తోడు రెండేళ్ల పని అనుభవం, సత్ప్రవర్తన పరిశీలన ఉంటాయి. ఎల్‌ఎల్‌బీ ఉన్నంత మాత్రాన ఈ పరీక్ష నుంచి మినహాయింపు రాదు. బారిస్టరు మార్గంలోనైతే సాధారణంగా పట్టాలో కనీసం రెండో తరగతి దిగువ శ్రేణి రావాలి. "పాసైతే చాలు" అన్నమాట అక్కడ చెల్లదు. ఇతర దేశాల్లో నిబంధనలు మళ్లీ వేరు. ఉదాహరణకు మలేషియాలో బ్రిటిష్ న్యాయ పట్టా ఉన్నవారు వృత్తిలోకి రావడానికి సీఎల్‌పీ అనే ప్రత్యేక పరీక్ష రాయవలసి ఉంటుంది. దూరవిద్యలో చదివిన న్యాయ పట్టాను అసలే అంగీకరించని చోట్లు కూడా ఉన్నాయి. మీరు ఎక్కడ న్యాయవాదిగా నమోదు కావాలనుకుంటున్నారో అక్కడి నమోదు సంస్థకే స్వయంగా రాసి, లిఖితపూర్వక సమాధానం తెప్పించుకోండి. కౌన్సెలర్ జవాబు దానికి ప్రత్యామ్నాయం కాదు.

సొమ్ము విషయంలో నా సలహా ఒక్కటే. విశ్వవిద్యాలయానికి మీ పేరుతో మీరే దరఖాస్తు చేసుకుని, ప్రవేశ లేఖ, విద్యార్థి సంఖ్య మీ సొంత ఈమెయిలుకు వచ్చిన తరువాతనే బోధన కేంద్రానికి చెల్లించండి. దరఖాస్తు తామే చేస్తామని, మీ ఈమెయిలుకు బదులు తమ కార్యాలయ చిరునామా ఇస్తామని అంటే ఒప్పుకోకండి; నా విషయంలో జరిగిన తప్పు సరిగ్గా అదే.

రెండుసార్లు రాతపూర్వకంగా కోరిన మీదట, పాఠ్యసామగ్రి పద్దు కింద తీసుకున్న మొత్తాన్ని మాత్రం తిరిగి ఇచ్చారు. మిగిలినదాని గురించి అడిగితే, రశీదు తిప్పి వెనుకనున్న ఆ చిన్న అక్షరాలనే చూపించారు.