సీలో సగటు: మొత్తాన్ని ఇంట్‌లో ఉంచితే మేలా, డబుల్‌లోనా?

పూర్ణాంకాల అర్రే (వరుసగా పేర్చిన జాబితా) ఇచ్చి సగటు కట్టమంటే, కొత్తగా సీ ప్రోగ్రామింగ్ భాష నేర్చుకునేవాళ్లు మొత్తాన్ని ఇంట్‌లో (పూర్ణాంకాలు మాత్రమే పట్టే రకం) కూడేసి చివర్లో ఎన్‌తో, అంటే ఎన్ని సంఖ్యలున్నాయో దానితో, భాగిస్తారు. నేనూ అలాగే రాశాను. 7, 8 ఇస్తే 7.000000 అని వచ్చింది. ఫంక్షన్ డబుల్ (దశాంశాలు కూడా పట్టే రకం) ఇస్తుందని పైన రాసే ఉంది, మరి ఆ అర ఎక్కడికి పోయింది? భాగహారం జరిగింది రెండు ఇంట్‌ల మధ్య. 15ని 2తో భాగించి 7 అని తేల్చేశాకే దాన్ని డబుల్‌గా మార్చింది. భాగించకముందే మొత్తానికి డబుల్ క్యాస్ట్ పెట్టాలి, అంటే దాన్ని డబుల్‌గా మార్చమని చెప్పాలి. భాగహారాన్నంతా బ్రాకెట్లలో పెట్టి దాని ముందు క్యాస్ట్ తగిలిస్తే మళ్లీ అదే 7.

క్యాస్ట్ సరిగ్గా పెట్టినా ఇంట్‌తో ఇంకో చిక్కుంది. 32 బిట్ల ఇంట్‌లో పట్టేది 2,14,74,83,647 వరకే. తలా 50,000 రూపాయల జీతాన్ని పైసల్లో కూడుతూ పోండి, 430వ మనిషి దగ్గర పొంగిపోతుంది. ఆ తర్వాత ఏమవుతుందో సీ ప్రమాణం హామీ ఇవ్వదు. చాలాసార్లు మైనస్ జీతం కనిపిస్తుంది!

మొదటి నుంచే డబుల్‌లో కూడితే ఈ రెండు తలనొప్పులూ ఉండవు. పూర్ణాంకాలను 2 పవర్ 53 దాకా ఒక్కటి కూడా తప్పకుండా పట్టుకుంటుంది. మార్కులకు, జీతాలకు ఇది చాలు. అయినా పూర్ణాంకాల అర్రే అయితే నా ఓటు లాంగ్ లాంగ్‌కే (ఇంట్ కన్నా పెద్ద పూర్ణాంకాలు పట్టే రకం). కూడిక ఎక్కడా అంకెలు గుండ్రం చేయకుండా కచ్చితంగా సాగుతుంది, డబుల్‌గా మార్చేది భాగించే ముందు ఒక్కసారే. అర్రేలో ఉన్నవే దశాంశాలైతే మాత్రం డబుల్ తప్ప వేరే మాట లేదు.

కొత్త సంఖ్య వచ్చినప్పుడల్లా సగటును సవరించుకుంటూ పోయే పద్ధతి కూడా ఉంది. సెన్సర్ రీడింగుల్లాంటివి ఆగకుండా వస్తుంటే బాగుంటుంది. చేతిలో అర్రే ఉన్నప్పుడు ప్రతి అడుగుకీ ఒక భాగహారం దండగ.

ఎన్‌ని అన్‌సైన్డ్‌గా (మైనస్ సంఖ్యలు పట్టని రకంగా) తీసుకుంటే ఒళ్లు దగ్గర పెట్టుకోండి. -1, -2, -3 ల మొత్తం ఇంట్‌లో -6. దాన్ని క్యాస్ట్ లేకుండా అన్‌సైన్డ్ 3తో భాగిస్తే వచ్చేది -2 కాదు, 1,43,16,55,763. మైనస్ ఆరు కాస్తా అన్‌సైన్డ్‌గా మారిపోతుంది మరి. డబుల్ క్యాస్ట్ ఉంటే ఈ గోల లేదు.

ఎన్ సున్నా అయితే? సున్నా తిరిగిస్తే సరిపోతుందంటారు కొందరు. 5, -5 ల సగటూ సున్నాయే కదా. సగటును పాయింటర్ (మెమరీలో చోటు చిరునామా) ద్వారా పంపి, పని అయిందో లేదో రిటర్న్ విలువలో చెప్పడమే నాకు నచ్చుతుంది.