తీగ లేని టెలిగ్రాఫు: చేతులు మేలా, పలకలు మేలా?

యంత్రంతో ఆకారాలు చూపి, పక్క స్టేషన్ దుర్భిణితో చూసి ముందుకు దాటించేలా కబురు పంపేదే ఆప్టికల్ టెలిగ్రాఫు. అందులో తెరిచి మూసే పలకలతో నడిచే స్వీడన్ యంత్రానికి 1,024 సంకేతాలు, ఫ్రాన్స్ చేతుల యంత్రానికి వందలోపే. మరి పలకల యంత్రం చేసిన ఎడెల్‌క్రాంట్జ్‌ని వదిలేసి చేతుల యంత్రం చేసిన క్లోద్ షాప్‌నే ఎందుకు పొగుడుతారు? ఈ టెలిగ్రాఫు మాట వచ్చినప్పుడల్లా ఎదురయ్యే ప్రశ్న ఇది.

లెక్క నిజమే. ఎడెల్‌క్రాంట్జ్ చట్రంలో మూడు నిలువు వరుసలు, వరుసకు మూడు పలకలు, వాటి విలువలు 1, 2, 4. కనిపించే పలకల విలువలు కూడితే ఒక్కో వరుసకు 0 నుంచి 7 దాకా ఒక అంకె వస్తుంది. మూడంకెలతో 512, పైనున్న పదో పలకతో దానికి రెట్టింపు. చాలా ముచ్చటైన అమరిక. ఫ్రెంచి యంత్రంలో ఒక దూలం, దాని రెండు కొసలా రెండు చేతులు, అంతే. 92 సంకేతాలను జంటగా పంపేవారు. మొదటిది కోడు పుస్తకంలో పేజీ, రెండోది అందులో వరుస. అలా 8,464 మాటలు అందేవి. ఒక సంకేతం బదులు రెండు పంపాలి, అదొక్కటే అదనపు ఖర్చు.

అయితే లెక్క కంటే ముందు కన్ను ఉంది. స్టేషన్ల మధ్య సుమారు 10 కిలోమీటర్ల దూరం. అంత దూరాన మీటరు వెడల్పు సందు కంటికి దాదాపు 20 కోణసెకన్లే (కోణసెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు), ఉత్త కన్ను విడదీయగలిగే దాంట్లో మూడో వంతు. దుర్భిణి దాన్ని పెద్దది చేస్తుంది, కానీ ఎండవేడికి గాలిలో ఆడే అలలనూ అంతే పెద్దవి చేస్తుంది. పలకల మధ్య సందులు అలుక్కుపోతే ఏది తెరిచి ఉందో, ఏది మూసి ఉందో తెలియదు. అదే, ఆకాశం మీద నల్లగా నిలిచిన రెండు మీటర్ల చెయ్యి అంచులు చెదిరినా, ఎటు వాలిందో తెలుస్తూనే ఉంటుంది. షాప్ కూడా మొదట పలకలతో ప్రయత్నించి, పొడుగు వస్తువులే బాగా కనిపిస్తాయని తేల్చుకుని ఇటు వచ్చాడు.

ఆ జాగ్రత్త ఎంతవరకు వెళ్ళిందో చూడండి. 45 డిగ్రీల చొప్పున చేతికి ఎనిమిది స్థానాలు రావాలి, వాడినవి ఏడే. చెయ్యి దూలానికి కొనసాగింపుగా బయటికి చాచిన స్థానాన్ని తీసేశారు. లోపలికి ముడిచిన చేతికీ దానికీ తేడా పొడవులో తప్ప కోణంలో ఉండదు.

ఇంకోటి, దూలం ఏటవాలుగా ఉండగానే చేతులు సర్దాలి. తర్వాత దూలాన్ని అడ్డంగానో నిలువుగానో తిప్పితేనే ఆ సంకేతం చెల్లుతుంది. కాబట్టి సగంలో ఉన్న ఆకారాన్ని పక్క స్టేషన్ రాసుకోదు. కింద గదిలో సిగ్నల్ మనిషి చేతిలోని పిడులు కూడా పైనున్న ఆకారాన్నే పట్టేవి. పైకి చూడకుండానే తన తప్పు తనకు తెలిసేది.

చేతులకు గాలి బెడద ఉంది. అందుకే చెక్కను సందులున్న పట్టీలుగా చేసి, చేతులకు ప్రతిబరువులు కట్టారు. పొగమంచుకు మాత్రం రెండు యంత్రాలూ ఓడాయి. కొండల మీద మంటలంటారా, అవి ముందే అనుకున్న ఒక్క కబురు చెప్పగలవు, అంతకు మించి కాదు.

పలకలు పనికిరావని కాదు, స్వీడన్‌లో దశాబ్దాలు నడిచాయి. కానీ లండన్ నుంచి ఆరు పలకల స్టేషన్లు దాదాపు ఇరవై ఏళ్ళు నడిపిన బ్రిటిష్ నౌకాదళం 1816లో టెలిగ్రాఫును తిరిగి మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్నది నౌకాదళ అధికారి పాపమ్ రూపొందించిన రెండు చేతుల స్తంభాన్ని. పోర్ట్స్‌మత్ దారిలో అది 1847 దాకా పనిచేసింది.