లేక్ లేనియర్ ఒడ్డున రెండు రాత్రులు, నాన్న అడిగిన ఒక ప్రశ్న

అమ్మా నాన్నా నరసరావుపేట నుంచి వచ్చి నెల దాటింది. అమెరికాలో, జార్జియా రాష్ట్రంలోని కమింగ్ అనే ఊళ్లో మా ఇంట్లో నాలుగు గోడల మధ్య ఉండలేకపోతున్నారని ఒక వారాంతం దగ్గర్లోని లేక్ లేనియర్ అనే రిజర్వాయర్‌కి తీసుకెళ్లాం. గేన్స్‌విల్ వైపున్న డాన్ కార్టర్ స్టేట్ పార్కులో కాటేజీ దొరికింది, పెద్దవాళ్లతో వెళ్తే మీరూ అదే తీసుకోండి. 2013లో తెరిచిన పార్కు, ఇసుక బీచ్ ఉంది, కాటేజీలో వంటగది ఉంది కాబట్టి అమ్మ పొద్దున్నే పులిహోర కలిపేసింది. టెంట్లు చవకే గానీ మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి వద్దు.

రెండో రోజు బ్యూఫర్డ్ డ్యామ్ చూశాం. డ్యామ్ కింద లోయర్ పూల్ పార్కులో నీళ్లు వదిలే ముందు హారన్ మోగుతుంది, మోగగానే ఒడ్డెక్కేయాలి, పిల్లలకి ముందే చెప్పి తీసుకెళ్లండి. వేసవిలో కూడా అక్కడ నీళ్లు చల్లగా జివ్వుమంటాయి. తర్వాత అన్నం తినడానికి ఇంకో చిన్న పార్కుకి వెళ్లాం, పేరు చెప్పను. డబ్బు కట్టి లోపలికి వెళ్లాక చూస్తే బాత్రూమ్‌కి తాళం, చెత్తడబ్బాలు నిండి పక్కకి పడిపోతున్నాయి. అమ్మ చాలా ఇబ్బంది పడింది, నాకు నిజంగా కోపం వచ్చింది.

నాన్నది సాగర్ కాలవ కింద పొలం. నీళ్లకేసి చూస్తూ, "ఇక్కడ నీటి తీరువా ఎవరు కడతారురా?" అన్నారు.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. నీళ్ల సంగతి సరే, ఈ పార్కుల ఖర్చు ఎవరు భరిస్తున్నారు? ఈ రిజర్వాయర్ 38 వేల ఎకరాలు, 1950లలో చటాహూచీ నది మీద అమెరికా సైన్యంలోని ఇంజనీర్ల విభాగం, ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ (కోర్ అంటారు) కట్టింది. ఒడ్డున పార్కుల్ని కొన్ని కోర్, కొన్ని రాష్ట్రం, కొన్ని కౌంటీలు, నగరాలు చూస్తాయి. సిబ్బంది చాలక 2025 వేసవికి ముందు కోర్ తన పార్కులు, బోట్లు నీళ్లలోకి దింపే ర్యాంపులు కొన్ని మూసేస్తున్నట్టు ప్రకటించింది. కోర్ పార్కుల్లో కారుకి 5 డాలర్లు తీసుకుంటారు, కానీ ఆ డబ్బు ఇక్కడ ఉండదు, ఫెడరల్ ఖజానాకి వెళ్తుంది, మళ్లీ కాంగ్రెస్ (ఇక్కడి పార్లమెంటు) కేటాయిస్తేనే ఖర్చుపెట్టాలి. డ్యామ్ దగ్గర తయారయ్యే కరెంటు అమ్మిన డబ్బుదీ అదే దారి. మా ఇంటి కుళాయి నీళ్లు కూడా ఈ రిజర్వాయర్‌వే. 2021లో జార్జియా రాష్ట్రం కోర్‌తో ఒప్పందం చేసుకుంది గానీ అందులో కట్టేది నీటి నిల్వకి, పార్కుల బాత్రూమ్‌లకి కాదు. ఒడ్డునే ఇళ్లుండి పడవలు కట్టేసుకునే సొంత డాకులు కట్టుకున్నవాళ్లు పది వేలకు పైనే ఉన్నారు.

అందుకే అంటున్నా, గేటు దగ్గర డబ్బులు ఇక్కడే ఉంచాలి, 5 డాలర్లు 8 అయినా కడతాను. అయితే ఎక్కువ వాటా మాత్రం నీళ్లు తాగే మాలాంటి ఊళ్లు, కరెంటు వాడుకునేవాళ్లు, డాకుల వాళ్లు భరించాలి. ఆదివారం పిల్లల్ని ఈత కొట్టించుకోవడానికి వచ్చే కుటుంబం మీద ఆ బరువు వేయకూడదు. మా నీటి బిల్లులో నెలకి ఒక డాలర్ పెంచితే నేను అభ్యంతరం చెప్పను.

తరచూ వెళ్లేవాళ్లైతే కోర్ ఏడాది పాసు 40 డాలర్లు, తీసుకోండి. బయల్దేరే ముందు మీరు వెళ్లే పార్కు తెరిచి ఉందో లేదో మాత్రం చూసుకోండి.