ముల్లు తిరగబడ్డ ట్యాంకు: మా జీపు ట్రక్కులో నాలుగు నెలల వాడకం

మా నాయన 1974 మోడల్ మహీంద్రా జీపుకి వెనక ట్రాలీ కట్టించాడు. దామలచెరువు మండీకి తోతాపురి కాయలు తోలినన్నాళ్లూ ఇంట్లో దాన్ని ట్రక్కు అనే పిలిచాం. నిరుడు అందులోని పాత హరికేన్ ఇంజిన్ దించేసి, మారుతి జిప్సీ 1.3 ఎంపీఎఫ్‌ఐ ఇంజిన్ ఎక్కించాను, అంటే ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే రకం. ఇంజిన్ కూర్చోవడానికి పన్నెండు రోజులు పట్టింది. పెట్రోల్ ట్యాంకు సంగతి తేలడానికి రెండు నెలలు.

ఆ ట్యాంకు చేసిచ్చింది తిరుపతిలో, రేణిగుంట రోడ్డులోని ఒక ఫ్యాబ్రికేషన్ షాపు. పేరు రాయను. మెచ్చుకోవాల్సింది ఉంది, తిట్టుకోవాల్సిందీ ఉంది.

ట్యాంకుదేముంది, పెట్రోలు పట్టే డబ్బానే కదా అని నేనూ అనుకున్నాను. కానీ పాత ఇంజిన్ పక్కనుండే మెకానికల్ పంపు, గాలిలో పెట్రోలు కలిపే కార్బొరేటర్‌కి ఇచ్చే ప్రెషర్ అయిదు పీఎస్ఐ లోపే. ఇంజెక్టర్లకు నలభై దాకా కావాలి. అది ఎలక్ట్రిక్ పంపు పని. పైగా కార్బొరేటర్ గిన్నెలో ఎప్పుడూ కాస్త పెట్రోలు నిలవుంటుంది. మలుపులో ట్యాంకులోని పెట్రోలు ఓ పక్కకి ఒరిగి పైపు గాలి పీల్చినా ఇంజిన్ సర్దుకుంటుంది. ఇంజెక్షన్‌లో ఆ గిన్నె ఉండదు. పంపు గాలి మింగితే బండి అక్కడికక్కడే గుంజుతుంది.

ఇది నాకు భాకరాపేట ఘాట్‌లో తెలిసొచ్చింది. మొదట డబ్బులు మిగులుతాయని పాత ట్యాంకునే ఉంచి, ఛాసీస్‌కి బయట పంపు బిగించాను. ఆ ట్యాంకు డ్రైవర్ సీటు కింద ఉంటుంది, 40 లీటర్లు పడుతుంది కానీ లోతు లేదు. సగానికన్నా తగ్గాక ప్రతి మలుపులోనూ పంపు గుయ్యిమనేది, బండి ఒక్క ఊపు ఊగి ఆగబోయేది. వెనక ఆర్టీసీ బస్సు హారన్. ఆ రోజు టెన్షన్ పగవాడికి కూడా వద్దు. దానికి తోడు తుప్పు రాకుండా లోపల పూయించిన కోటింగ్ పెళ్లలుగా లేచి ఫిల్టరుకి అడ్డం పడింది. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. అది తేమ పీలుస్తుంది, పాత ఇనుప ట్యాంకుకి సరిపడదు.

తర్వాత చిత్తూరులో ఒక పాత సామాన్ల కొట్టులో జిప్సీ ట్యాంకు దొరికింది. పంపు, పెట్రోలు ఎంతుందో మీటరుకి చెప్పే ఫ్లోటు అన్నీ అందులోనే. మా ఛాసీస్ కమ్మీల మధ్య పట్టలేదు. ట్యాంకుని వదిలేసి పంపు అసెంబ్లీ ఒక్కటే బేరమాడి తెచ్చుకున్నాను. ఇన్నాళ్లలో నేను చేసిన తెలివైన పని అదొక్కటే.

రేణిగుంట రోడ్డు షాపాయన ఆ అసెంబ్లీని చేతిలోకి తీసుకుని, టేపుతో పొడవు కొలిచి, "దీని ఎత్తుకే ట్యాంకు ఎత్తు స్వామీ, ఎన్ని లీటర్లనేది తర్వాత" అన్నాడు. అంతకుముందు నేను తిరిగిన రెండు షాపుల్లోనూ మొదట అడిగింది లీటర్లే. 304 స్టెయిన్‌లెస్ షీటు, ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం, ఆర్గాన్ వెల్డింగ్. 60 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 19 ఎత్తు. లెక్కకి 45 లీటర్లు. ట్రాలీ కింద కమ్మీల మధ్య వేలాడుతుంది. పైమూత బిగించకముందు రమ్మని పిలిచి లోపల చూపించాడు. అడ్డంగా రెండు రేకులు, అడుగున మూలలు కత్తిరించి వదిలారు, పెట్రోలు మెల్లగా పారడానికి. నడిమధ్య పంపు నిలబడే చోట చిన్న పెట్టె. ఇంజిన్ నుంచి తిరిగొచ్చే రిటర్న్ పైపు కూడా ఆ పెట్టెలోకే దించాడు. ట్యాంకులో పదిలీటర్లే ఉన్నా పంపు కాళ్లు తడిగానే ఉంటాయన్నమాట. పంపుని చల్లగా ఉంచేది కూడా ఆ పెట్రోలే.

ఇక తిట్లు. గాలి గొట్టం మరీ సన్నగా పెట్టారు. ఎండలో నలభై కిలోమీటర్లు తోలి మూత తిప్పితే ఉస్సుమని గాలి లోపలికి లాక్కుంది. పెట్రోలు ఖాళీ అయ్యేకొద్దీ అంత గాలి లోపలికి రావాలి, రాకపోతే పంపు దాంతో కుస్తీ పడుతుంది. తీసుకెళ్తే తప్పు ఒప్పుకున్నారు, కానీ పెట్రోలు తాగిన ట్యాంకుకి నిప్పు తగిలించడం ఆషామాషీ కాదుగా. రెండు రోజులు కడిగి, ఆరబెట్టి, వెల్డింగ్ పడే చోటు తప్ప మిగతాదంతా నీళ్లు నింపాకే వెల్డర్ చెయ్యి పెట్టాడు. ఆ జాగ్రత్త నాకు నచ్చింది. డబ్బులు తీసుకోలేదు కానీ నాలుగు రోజులు బండి లేదు. పైపుల విషయంలోనూ బేజారే. మామూలు రబ్బరు హోస్ బిగించి ఇచ్చారు. ఇంజెక్షన్ ప్రెషర్‌కి తట్టుకునే హోస్, ఎస్ఏఈ 30ఆర్9 అని అచ్చు ఉన్నది, నేనే తెప్పించుకుని మార్చుకున్నాను. ట్యాంకు లోపల మునిగుండే ముక్కకైతే 30ఆర్10 కావాలి, బయటి హోస్ అక్కడ పనికిరాదు.

పంపు కాక మొత్తం 13,800 అయింది. అదే ఘాట్‌లో పావు ట్యాంకుతో, ట్రాలీలో ఇరవై బుట్టల కాయలతో ఎక్కాను. ఒక్కసారీ గుంజలేదు. ఇంజిన్ మారుస్తున్నవాళ్లు ఆర్టీవో అనుమతి ముందే తీసుకుని ఆర్‌సీలో ఎక్కించుకోండి, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఊరికే లేదు.

మిగిలింది మీటరు. జిప్సీ ఫ్లోటుకి, నాయన కాలం నాటి మీటరుకి పొంతన లేదు, నిండేకొద్దీ ముల్లు కిందికి దిగుతుంది. మీటరు మార్చమంటే నాయన ఒప్పుకోడు. బంకులో కుర్రాడు ఎంత కొట్టమంటావన్నా అంటే, ముల్లు ఖాళీ గీత మీదికి వచ్చేదాకా కొట్టమంటున్నాను.