కొత్తపేట కంటి క్లినిక్: మూడు గంటలు కూర్చోబెట్టినా మళ్లీ వెళ్తా

పేరు రాయను, ముందు తిట్టేది ఉంది కాబట్టి. పదింటికి రమ్మని టోకెన్ ఇచ్చారు, లోపలికి పిలిచేసరికి ఒంటిగంట దాటింది. కుర్చీలు చాలక, కళ్లల్లో చుక్కలు వేయించుకున్న పెద్దవాళ్లు గోడకానుకుని నిలబడ్డారు. కౌంటర్లో అడిగితే "పిలుస్తామండీ" తప్ప వేరే మాట లేదు.

నాన్న గుంటూరు మిర్చి యార్డులో గుమాస్తా. సీజన్లో టిక్కీల (మిర్చి బస్తాల) మధ్య తిరిగి ఇంటికొస్తే కళ్లు చింతనిప్పులే. ఎవరో చెప్పిన చుక్కలు మెడికల్ షాపులో కొనుక్కుని, ఎరుపు తగ్గుతోంది కదా అని నాలుగు నెలలు వాడేశారు.

కంటి ప్రెషర్ కుడివైపు 32, ఎడమవైపు 28. 10 నుంచి 21 లోపు ఉండాలట. డాక్టరుగారు వెంటనే "ఏం చుక్కలు వాడుతున్నారు?" అన్నారు. నాన్న జేబులోంచి సీసా తీస్తే లేబుల్ చూసి "ఇదేనండీ, స్టెరాయిడ్" అన్నారు ఆవిడ. కంట్లో ఊరే నీరు నల్లగుడ్డు అంచున జల్లెడలాంటి కణజాలం గుండా బయటికి పోవాలట, పోకపోతే ప్రెషర్ పెరుగుతుందట. టేబుల్ మీది ప్లాస్టిక్ కన్ను విప్పి చూపిస్తే ఆ చోట ఒక నీలం గీత ఉందంతే. ఆవిడే నవ్వి, ల్యాబుల్లో ఆ కణజాలాన్ని నిజంగానే పెంచుతారని చెప్పారు. దానం చేసిన కళ్లలో, కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శక పొర) మార్పిడికి వాడగా మిగిలిన అంచు నుంచి కణాలు తీసి, జెల్‌లోనో సన్న రంధ్రాల పొర మీదో పెంచి, వాటి గుండా నీరు పంపి చూస్తారట. అందులో స్టెరాయిడ్ కలిపితే కణాలు బిగుసుకుని, చుట్టూ పీచు పేరుకుని, నీరు పోవడం తగ్గుతుందట. నీటికాసులకి (ప్రెషర్ పెరిగి కంటి నరం దెబ్బతినే జబ్బు, గ్లకోమా) వచ్చే కొత్త మందుల్ని కూడా వాటి మీద పరీక్షిస్తారట.

"సింకు జాలీకి జిడ్డు పట్టినట్టా అమ్మా?" అన్నారు నాన్న.

"దాదాపు అంతే, కాకపోతే ఈ జాలీని తీసి కడగలేం."

స్టెరాయిడ్ మాన్పించి, ప్రెషర్ తగ్గించే టిమొలాల్ చుక్కలు రాశారు, అదీ ఆయాసం, ఉబ్బసం ఉన్నాయా అని రెండుసార్లు అడిగాకే. చూపు పరిధి పరీక్షలో, వెలుగు చుక్క కనపడితే బటన్ నొక్కమంటే నాన్న కునుకు తీశారు. విసుక్కోకుండా మళ్లీ చేశారు, డబ్బులడగలేదు. కంటి నరం బాగానే ఉంది. ఆరు వారాలకి ప్రెషర్ రెండు కళ్లల్లో 18.

వెళ్లేవాళ్లు ఇంట్లో ఉన్న చుక్కల సీసాలన్నీ పట్టుకెళ్లండి. అదే సీసా యార్డులో ఇంకో ఇద్దరి దగ్గర ఉందట, సోమవారం వాళ్లనీ తీసుకెళ్దామంటున్నారు నాన్న. టోకెన్ కోసం పొద్దున్నే నిలబడాల్సింది మాత్రం నేనే.