కాంక్రీటు గోడా, ఉక్కు తాళ్లా?

అదుపు తప్పిన వాహనం డివైడర్ దాటి అవతలి వరుసలోకి దూకితే జరిగేది ఎదురెదురు ఢీ. దాన్ని ఆపడానికి రోడ్డు మధ్యలో పెట్టే సాధనాల్లో కాంక్రీటు గోడ, వరుస స్తంభాలకు బిగించిన ఉక్కు తాళ్లు ముఖ్యమైనవి.

న్యూజెర్సీ తరహా కాంక్రీటు గోడ సుమారు 81 సెంటీమీటర్ల ఎత్తుంటుంది. ఏటవాలుగా తగిలిన కారు చక్రం దాని అడుగు వాలు మీదికెక్కి, తిరిగి తన దారిలోకి మళ్లుతుంది. గోడకు చాలాసార్లు గీతలే మిగులుతాయి, మరమ్మతు దాదాపు ఉండదు. కానీ గోడ వంగదు. నేరుగా గుద్దితే దెబ్బంతా లోపలున్న మనుషులే భరించాలి. నాకు దీనిలో నచ్చనిది అదే.

ఉక్కు తాళ్లు సాగి ఆ దెబ్బను తాము తీసుకుంటాయి. స్వీడన్‌లో 1990ల చివరి నుంచి సుమారు 13 మీటర్ల వెడల్పు రోడ్లను మూడు వరుసలుగా మార్చి మధ్యలో వీటిని బిగించారు. మరణాలు బాగా తగ్గాయి. అయితే వీటికి నిత్యం మనిషి కావాలి. ప్రతి ఢీకీ కొన్ని స్తంభాలు వంగిపోతాయి, వెంటనే కొత్తవి దింపాలి. ఎండకూ చలికీ తాడు బిగువు మారుతుంది కనుక కొలుస్తూ ఉండాలి. తాడు సాగడానికి ఖాళీ చోటూ ఉండాలి.

అందుకే లారీలు ఎక్కువగా తిరిగే ఇరుకు డివైడర్‌కు గోడనే ఎంచుకుంటాను. మధ్యభాగం వెడల్పుగా ఉండి, మరమ్మతు బృందం దగ్గర్లో ఉంటే తాళ్లే మేలు. ఊరివాళ్లు దాటడానికి గోడను పగలగొట్టిన చోట మాత్రం మొండిగా మిగిలిన అంచే వాహనానికి పెద్ద ప్రమాదం. అక్కడ దెబ్బను తగ్గించే దిమ్మె తప్పనిసరి.